నీళ్లకు ఒకటి, పాలకు ఒకటి

నేను ఒక కంప్రెసరుని. మీ ఇంటి ఫ్రిజ్ వెనక, అడుగున, నల్లకుండ బోర్లించినట్టు కూర్చుని గురగురమంటూ ఉండేవాడు నా జాతివాడే. చలిని మేము పుట్టిస్తామని మీరనుకుంటారు. మాది ఉత్త మోతపని. లోపలి వేడిని గ్యాసు ఎత్తుకొస్తే, దాన్ని నొక్కి బయటి గొట్టాల్లోకి తోస్తాము. వేడి గాలిలో కలిసిపోతుంది. మిగిలిందే చలి.

నన్ను గడ్డకట్టించే పనికోసం చేశారు. అంతటి చలిలో గ్యాసు బాగా పలచబడి, ఒత్తిడి లేకుండా వస్తుంది. ఒక్కో గుక్కలో ఎక్కువ అందుకోవాలని నా సిలిండరును వెడల్పు చేశారు. నా పక్క బల్ల మీద పుట్టినవాడు నీళ్లు చల్లబరిచేవాడు. వాడికొచ్చే గ్యాసు చిక్కన, ఒత్తిడి ఎక్కువ. అందుకని వాడి గుక్క చిన్నది. మోటారు బలం ఇద్దరికీ ఒకటే. రంగూ ఒకటే, కాళ్ల బోల్టులూ ఒకటే. తేడా అంతా ఒంటికి అంటించిన పలక మీద ఒక్క వరుసలో ఉంది. పెళ్లికి ముందు జాతకాన్ని నలుగురికి చూపించే మనుషులు మా పలకను మాత్రం ఎందుకో చదవరు.

ఇద్దరమూ ఒకే లారీలో ఒక జిల్లా ఆసుపత్రికి వచ్చాము. ఒకరు వరండాలోని నీళ్ల కూలరుకు, ఒకరు తల్లిపాల బ్యాంకులోని ఫ్రీజరుకు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం, పాలు ఎక్కువగా ఉన్న తల్లులు ఇచ్చినవి అక్కడ గడ్డకట్టించి దాస్తారు. మెకానిక్కు చిన్నపీరయ్య చెయ్యి మంచిది, కానీ ఆ రోజు తొందరలో ఉన్నాడు. చేతికందినవాణ్ణి చేతికందిన చోట బిగించాడు. నేను కూలరులో పడ్డాను.

మే నెల. వార్డుల్లోని జనమంతా నా దగ్గరికే. పలచటి గ్యాసుకు తెరిచిన నా వెడల్పు నోట్లోకి చిక్కటి గ్యాసు ముద్దలు ముద్దలుగా వచ్చి పడింది. మోటారు సలసలా కాగి, పది నిమిషాలకొకసారి ఆగిపోయేవాణ్ణి.

"కొత్తదంట! దీని మొగం మండ, నీళ్లు స్నానానికి పెట్టినట్టుండాయి," అని ఒకాయన నా రేకు మీద చరిచాడు.

మూడో రోజు మధ్యాహ్నం పాల బ్యాంకు చూసే సిస్టర్ ఎస్తేరు పరుగున వచ్చింది.

"పీరన్నా, ఫ్రీజరు మైనస్ ఇరవైకి దిగాల్సింది, ఆరు కాడ నిలిచిపోయింది. సీసాల్లో పాలు అంచుల్లో మెత్తబడతాండాయి."

"గ్యాసు తక్కువేమో సిస్టర్. ఇంగోతూరి కొడతా."

"పొద్దున గూడా అదే అంటివి గదప్పా!"

ఆమె వెనక ఓబులమ్మ నిలబడి ఉంది. నెలలు నిండని ఆమె బిడ్డ తొమ్మిది వందల గ్రాములు. "అన్నా, ఆ సీసాల్లోవే నా బిడ్డకు పోస్తాండారు. నాకింకా పాలు పడల్యా. అవి పారబోస్తే ఏం తాపేది?" అంది.

పీరయ్య కూలరు దగ్గరికి వచ్చి నీళ్లు పట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. నా మీద చెయ్యి పెట్టి చురుక్కుమని తీశాడు. రెండు కొత్తవీ ఒక్కసారే చెడతాయా? గుడ్డతో నా పలక తుడిచి మొదటిసారి చదివాడు. గడ్డకట్టించే పనికి అని ఉంది.

కంపెనీ సరుకు మంచిది కాదని చెప్పి తప్పించుకోవచ్చు. ఎవరూ అడగరు. ఆయన ఎస్తేరు దగ్గరికి వెళ్లి, "తప్పు నాదే సిస్టర్. పాలదాన్ని నీళ్లకు, నీళ్లదాన్ని పాలకు బిగిచ్చినా. బోల్టులు కుదిరితే చాలనుకుంటి," అన్నాడు. ఎంతో ఒత్తిడిని చూసిన నేను, ఒక మనిషి దాన్ని తనంతట తాను తల మీదికి ఎత్తుకోవడం అప్పుడే చూశాను.

"తిట్టేది రేపు తిడతాలే," అంది ఎస్తేరు. "ఎంతసేపు?"

"పొద్దు గుంకేలోపల."

ఆమె సీసాలను మంచుపలకల నడుమ టీకాల పెట్టెల్లో సర్ది, మూత ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పీరయ్య ఫ్రీజరును వరండాలోకి లాగి, మా ఇద్దరినీ విప్పి, వాణ్ణి కూలరు కోసం పక్కన పెట్టి, నన్ను అందులో అతికి, గాలి తీసి, గ్యాసు ఎక్కించి, స్విచ్చి వేశాడు.

మొదటి గుక్క! పొగమంచంత పలచన. నా వెడల్పు సిలిండరు నిండా హాయిగా పట్టింది. మోటారు చల్లగా తిరిగింది. ఒత్తిడి చూపే గేజీలో ముల్లు దిగుతూ పోయింది.

"అన్నా, సున్నాకొచ్చె! గ్యాసంతా పాయనా?" అని ఎస్తేరు బెదిరింది.

"లేదు సిస్టర్. అంత పలచని గ్యాసే దాని కూడు."

ఫ్రీజరు లోపల మైనస్ పది. పదిహేను. దీపాల వేళకు ఇరవై. ఇనుముకు పులకరింత ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఎస్తేరు ఒక్కో సీసా ఆడించి చూసి లోపల పెట్టింది. ముప్ఫై నాలుగు గట్టిగా ఉన్నాయి. రెండు మాత్రం కరిగాయి; వాటిని విడిగా పెట్టింది.

"ఇవి గూడా చెడలేదు. రేపటిలోగా తాపేస్తాం," అంది.

వాటిలో ఒక సీసాను గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టింది. దానిలోంచి ఒకనాడు ఏ యంత్రమో మోసుకుపోయిన వెచ్చదనం, ఆమె చేతిలో మెల్లగా తిరిగి వచ్చింది. ఆ పాలు ఏ తల్లి ఇచ్చినవో ఓబులమ్మకు తెలియదు. ఆమె బిడ్డ ఉన్న అద్దాల పెట్టె మీదికి వంగి, నోట్లోకి పాలు దించే దారమంత సన్నని గొట్టాన్నే చూస్తోంది.

"పోతాండాయా సిస్టర్?"

"పోతాండాయమ్మా."