బోణీకి ముందు ఎండ

పప్పుల మూటల వెనక నుంచి రెండు గ్లాసులూ బయటికి తీశాను. నా దగ్గర చదువుకోడానికొచ్చే పిల్లల చేత బొబ్బర్లు నాటించినవి. ఒకటి చీకట్లో, ఒకటి ఎండలో పెట్టి, ఏది ఎలా పెరిగిందో చూసి బొమ్మ గీయాలి. పాఠం అంతే. కానీ సాలూరులో మా ఇల్లు రైలుపెట్టెలా పొడుగు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఎండ పడేది కొట్టు మెట్ల మీదే, అదీ పొద్దున్నే. తర్వాత పరదా దించేస్తారు. ఆ పొద్దున్న వేళ, బోణీ అయ్యేదాకా ఇంటి ఆడది గుమ్మంలోకి రాకూడదు.

మెట్టు మీద పెట్టించిన గ్లాసును మా ఆయన నగరేశ్వరరావు ఆ రోజే తెచ్చి మూటల వెనక పడేశారు. "బోణీ అవకుండా గుమ్మంలో మట్టేటి? నీ పాఠాలు ఎనకాల సెప్పుకో."

వెనకాలే చెప్పుకుంటున్నాను. వీధి చివర బడి పెద్ద మేడం నన్ను పాఠాలు చెప్పడానికి రమ్మని అడిగితే, "మా ఆవిడ ఎండ కన్నెరగదు మేడం, పిల్లల్నే ఇటు తోలండి" అని నవ్వేశారు. నా తెల్లదనం ఆయనకి కొట్టు మీది బోర్డులాంటిది, పదిమందీ చూసి మెచ్చుకోవాలి. అలా సాయంత్రాలు పిల్లలు వంటింటి పక్కకి వస్తారు. వేరు, కాండం, ఆకు అని చెబుతూనే కొట్టుకి టీ పంపిస్తాను, మినప్పప్పులో రాళ్లేరుతాను, పొట్లాలు కడతాను. పొట్లాలు కట్టడం పని కిందికి రాదు. ఇంట్లో ఊరికే ఉన్నదానికి అదో కాలక్షేపమట. ఇవాళ మేడం మళ్లీ కబురు పెట్టింది. రేపు పొద్దుట రాకపోతే వేరే ఆవిణ్ణి పెట్టుకుంటుందట.

గ్లాసులు చూసి అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "అబ్బో, ఎంతేసి ఎదిగాయే! నీడపట్టునుంటే అలాగే ఉంటాది. నిన్ను సూడు, వచ్చినప్పుడు పుల్లలాగుండేదానివి."

పక్కింటి పింకీ రంగుపెన్సిళ్లు పట్టుకుని నా మొహంలోకి చూసింది. "అత్తా, ఆకుపచ్చ రంగు ఎయ్యమన్నావు. ఇయ్యి పసుప్పచ్చగా ఉన్నాయేటి? ఇంత పొడుగొచ్చేయి కదా, మరి మొక్కకి ఎండెందుకు?"

గ్లాసు పైకెత్తాను. తెల్లటి కాండం తన బరువు తనే మోయలేక నా వేళ్ల మీదికి వాలిపోయింది.

"అది ఎదగడం కాదమ్మా," అన్నాను. "ఎలుతురు ఎక్కడుందో అని ఎతుక్కుంటా సాగిపోనాది. ఇలాగే ఉంచితే సచ్చిపోతాది."

"దీపాలవేళ ఆ మాటలేటే!" అని అత్తగారు కసిరారు. నేను మళ్లీ రాళ్లేరడానికి కూచున్నాను. చేతులు వాటంతటవే ఏరుతున్నాయి. పింకీ పసుపు పెన్సిలు తీసుకుని, ఉన్నది ఉన్నట్టే గీసింది.

పొద్దున్న ఆయన గల్లాపెట్టెకి అగరొత్తి తిప్పుతుంటే, గ్లాసొకటి పట్టుకుని కొట్టు మధ్యలోంచి నడిచాను.

"ఎక్కడికే? ఇంకా బోణీ అవలేదు!"

"తెలుసు," అన్నాను.

ఎండ సూటిగా కళ్లలో పడి నీళ్లొచ్చాయి. గ్లాసు మెట్టు మీద పెడదామని వంగాను. పెడితే ఆయన మళ్లీ లోపలికి పట్టుకుపోతారు. చేత్తోనే పట్టుకుని బడివైపు నడిచాను.