చక్రం ఎత్తకుండా పెట్టిన సంతకం

తప్పు తనదేనని ఒప్పుకుంటూ సంతకం పెడితే మర్నాటి నుంచే డ్యూటీకి రావచ్చన్నారు. అంబులెన్సు డ్రైవరమ్మ ఆ కాగితాన్ని పదకొండు రోజులుగా సంచీలో వేసుకుని తిరుగుతోంది. సంతకం మాత్రం పెట్టలేదు.

"పోనీలే, ఓ గీత గీసి పడెయ్యి. గొడవ వదిలిపోతుంది," అన్నాడు భర్త, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

"నువ్వు పాడుచెయ్యని గుడ్డని పాడుచేశానని రాసిస్తావా?"

అతను మిషను ఆపాడు. 

జరిగింది ఇదీ. వాన వెలిసిన ఓ మధ్యాహ్నం, పురిటినొప్పులు పడుతున్న మనిషిని ఎక్కించుకుని కొండదారిన వస్తోంది. మట్టి ఎత్తు ఎక్కుతుంటే ఎడమ వెనక చక్రం బురదలో ఊరికే గిర్రున తిరిగింది. అలాంటప్పుడు కుడి చక్రానికి బలం అందించడానికే ఆ బండికి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంది. కుడి చక్రం మాత్రం చలించలేదు. బండి వెనక్కి జారి కాలవలోకి ఒరిగింది. ఆమె, నర్సు, ఆ మనిషి మరిది కలిసి స్ట్రెచరు మోసుకుంటూ కిలోమీటరు నడిచారు. గట్టి రోడ్డు మీద ఇంకో బండి అందుకుంది. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. వారం తిరక్కుండా ఆమె చేతికి కాగితం వచ్చింది: డ్రైవరు నిర్లక్ష్యం. దానికి జతగా, బళ్ళు బాగుచేసే షెడ్డు మేస్త్రీ నివేదిక: డిఫరెన్షియల్ పరీక్షించడమైనది, అరుగుదల లేదు.

బురదలో బలం అందడం లేదని అంతకు నెల ముందే ఆమె రెండుసార్లు రాసిచ్చింది. ఆ 'పరీక్షించడమైనది' అన్న మాట కంటపడినప్పుడల్లా అరికాలి మంట నెత్తికెక్కుతోంది.

పన్నెండో రోజు పొద్దున్నే ఆసుపత్రి సూపరింటెండెంటుని షెడ్డుకి వెంటబెట్టుకొచ్చింది. "నా కళ్ళముందు పరీక్ష చేయించండి సార్. బాగుంటే ఇక్కడే సంతకం పెడతాను."

మేస్త్రీ నవ్వాడు. ఆ బండి వెనక చక్రాలు రెండూ జాకీల మీదికి ఎత్తి, ఒకదాన్ని చేత్తో తిప్పాడు. రెండోదీ అదే వైపు తిరిగింది.

"చూశారా సార్. పాడైతే ఇది ఎదురు తిరిగేది. బండి లక్షణంగా ఉంది. తోలేవాళ్ళకి రావాలి గానీ."

సూపరింటెండెంటు తలాడించి జేబులోంచి పెన్ను తీశాడు.

"ఆగండి సార్," అంది ఆమె. "రెండూ గాల్లో ఉంటే దేనిమీదా భారం లేదు. కాస్త పట్టున్నా కలిసే తిరుగుతాయి. ఒకటి నేలమీద ఉండాలి."

"ఇదంతా ఎక్కడ నేర్చావమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"బండితో వచ్చిన పుస్తకంలో ఉంది మేస్త్రీ గారూ. మీ స్టోరు బీరువాలోదే. నిన్న నేను తీసేదాకా ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు."

ముందు చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టింది. కుడి వెనక చక్రాన్ని నేలకి దించింది. బండి న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, హ్యాండ్‌బ్రేకు వదిలింది. గాల్లో ఉన్న ఎడమ చక్రం నడిమధ్య టార్క్ రెంచ్ బిగించింది.

"చక్రం కదలడానికి ఎంత బలం పట్టిందో ఈ ముల్లు చూపిస్తుంది. కనీసం యాభై ఉండాలి. తగ్గితే డిఫరెన్షియల్ లోపలి ప్లేట్లు అరిగినట్టే. ఇదిగో, పుస్తకంలో ఇక్కడ చదవండి సార్. మేస్త్రీ గారూ, మీరే తిప్పండి. తర్వాత నేనేదో మాయ చేశానంటారు."

మేస్త్రీ లాగాడు. పన్నెండు దగ్గరే చక్రం తేలిగ్గా తిరిగిపోయింది. మళ్ళీ లాగాడు. పన్నెండే. మూడోసారి సూపరింటెండెంటు వంగి చూశాడు. పదకొండు.

"అదీ... ఆ వారం పని ఒత్తిడి..." మేస్త్రీ నీళ్ళు నమిలాడు.

"నివేదిక రాసేముందు బండి ఎత్తారా, లేదా?"

"లేదమ్మా. ఎత్తలేదు."

ఆ మాట వింటే మనసు తేలికపడుతుందనుకుంది. తీరా విన్నాక తేలికపడలేదు. "ఆ కొండమీద ఆ పురిటి మనిషి నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. మీరు కుర్చీలోంచి లేవకుండా, అరగలేదని రాశారు."

మేస్త్రీ వంగి చక్రం మీంచి రెంచ్ ఊడదీశాడు.

"సరేనమ్మా, ఆ కాగితం చింపెయ్," అన్నాడు సూపరింటెండెంటు. "రేపట్నుంచి వచ్చెయ్. ఇంతటితో వదిలేద్దాం."

"నేను చింపను. రాసినవాళ్ళే తప్పని రాసివ్వాలి. ఇంకా నాలుగు బళ్ళు ఈయన సంతకాలతోనే తిరుగుతున్నాయి. వాటినీ ఎత్తించండి. అప్పుడే తాళం పుచ్చుకుంటాను."

ఆయన గొణిగాడు, గడియారం చూసుకున్నాడు, చివరికి సరేనన్నాడు. సాయంత్రానికి నాలుగు బళ్ళనీ ఎత్తి చూడటం అయింది. మేస్త్రీ రెంచ్ తిప్పాడు, ఆమె అంకెలు రాసింది. రెండు బాగున్నాయి. రెండింటిని ఆ పూటే పక్కన నిలిపారు.

డ్రైవరు తప్పేమీ లేదని, మేస్త్రీ నివేదిక పొరపాటున అలా వచ్చిందని సూపరింటెండెంటు కొత్త కాగితం రాసి ఆమె ముందు పెట్టాడు. ఆమె మొదటినుంచీ చదివి ఒకచోట వేలు ఆనించింది.

"'పొరపాటున' అన్న మాట తీసెయ్యండి సార్. పొరపాటంటే చూసి తప్పు చెప్పడం. ఈయన అసలు చూడనేలేదు."

ఆయన ఆమె వైపోసారి, మేస్త్రీ వైపోసారి చూశాడు. తర్వాత ఇంకో కాగితం తీశాడు.