సగం మాత్రలు

బకెట్ ఎక్కడ పెట్టాలనే దాని మీద ఆ ఆదివారం పొద్దున్నే గొడవ.

"ఆసుపత్రి గుడ్డలు నానేసేదానికి తులసి పక్కనే దొరికిందా నీకు?" అంది అత్తగారు కమలమ్మాళ్.

"ఇంకా యాడ పెట్టేది అత్తా, నెత్తి మీదా?"

"పెట్టుకోమే. తలస్నానం కూడా అయిపోతాది."

మహాలక్ష్మికి నవ్వడానికి కూడా ఓపిక లేదు. బకెట్‌ను కాలితో పక్కకు నెట్టింది.

ఏటి అవతలి ఆరోగ్య కేంద్రంలో ఆమె నర్సు. కరోనా రెండోసారి విరుచుకుపడ్డాక ముక్కులో పుల్ల పెట్టి పరీక్షలు, టీకాలు, ఫోన్లు, వీటితోనే పొద్దు గడిచిపోతోంది. ప్రతి మంగళవారం బీపీ, షుగరు మాత్రలిచ్చే పని ఆపేశారు. వచ్చిన ముసలివాళ్లను "నెల పోయినాక రాండి" అని గేటు దగ్గరే తిప్పి పంపింది తనే.

భర్త అరవిందన్ వాళ్లనూ వీళ్లనూ పట్టుకుని ఆమెకు సారం అనే పేటలోని ఆరోగ్య శాఖ ఆఫీసుకు బదిలీ తెప్పించాడు. కుర్చీలో కూర్చుని కంప్యూటర్లో పేర్లు ఎక్కించే పని. సోమవారం చేరాలి. ఆమె కూడా సరేనంది. అంతగా అలసిపోయింది.

నిన్న శనివారం పరీక్షలకని వెళితే, ఒక ఇంట్లో చేపలమ్మే కన్నియమ్మాళ్ మూతి ఒక పక్కకు వంగిపోయి కనిపించింది. కుడిచెయ్యి లేవడం లేదు. ఆమెను ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపాక, కోడలు కయల్విళి ఒక డబ్బా తెచ్చి చూపించింది. అందులో అన్నీ సగం బీపీ మాత్రలే.

"నెల పోయినాక రమ్మంటిరి గదక్కా. ఉన్న మాత్తరలు అందాకా సరిపోవాలని కత్తిపీట మీద సగానికి కోసింది. అత్త చెయ్యి నేర్పైన చెయ్యి. వీధిలో అందరికీ ఆమే కోసిచ్చింది."

ఎవరెవరికి కోసిచ్చిందో అడిగి మహాలక్ష్మి పేర్లు రాసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

"రేపు బండిలో నేనే దించుతాలే," అన్నాడు అరవిందన్.

"నేను సారం పోను."

"ఏందీ?"

"డాక్టరమ్మతో మాట్లాడినా. మంగళవారం మంగళవారం మాత్తరలు ఇండ్లకే తీసుకపోయి ఇస్తా."

"ఉన్న పనికే పడిపోతాండావు," అంది కమలమ్మాళ్. "అడిగి తెప్పించినోడు తల యాడ పెట్టుకునేది?"

"ఆ ఆఫీసోళ్లకు నేనే పోయి చెప్తాలే అత్తా." మహాలక్ష్మి అన్నం కలిపింది. "కాళ్లు పీకుతాండాయి. చాతనైతాదో లేదో తెలీదు. ఈ మంగళవారం మాత్తరం పోతాండా."