గట్టు మీది డబ్బా మోత

సత్యానందం కొల్లేటి చేపల చెరువులకు కాపలాదారు. నలభై దాటినవాడు, ఆదివారం చర్చిలో ఆరాధన మానని మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి 'గుర్రపుడెక్క' అనే బ్యాండు. తాడేపల్లిగూడెం పిల్లలు ముగ్గురు కట్టుకున్నది. నిరంజన్ పాట రాసి గిటారుతో పాడతాడు, పెర్సిస్ కీబోర్డు వాయిస్తుంది, బాబీ డ్రమ్ములు కొడతాడు. సినిమావాళ్ల గడప తొక్కకుండా తమ పాటలు తామే రికార్డు చేసుకుని ఏలూరు బస్టాండు పక్క కొట్లో అమ్మకానికి పెట్టేవారు.

మొదటి క్యాసెట్టు రెండువేల రెండులో వచ్చింది. అంతా మెత్తన, కాలేజీ మెట్లు, సైకిలు గంట, వానలో తడిసిన ఓణీ. రెండోదానికి నిరంజన్ గొంతు బరువెక్కింది. ప్రేమ పక్కకు జరిగి, పెంటపాడు చేలగట్టు మీద నిద్రపట్టక తిరిగే రైతు వచ్చాడు. సత్యానందం కాపలాపాకలో ఆ రెండూ టేపు అరిగేదాకా విన్నాడు.

"వాక్యం కంటే ఇదే ఎక్కువైపోయిందండీ మీకు" అని భార్య సత్యవేణి దెప్పేది.

"వాక్యం చదువుకుంటానే. ఇది వింటాను. కన్ను వేరు, చెవి వేరు" అనేవాడు.

రెండువేల ఆరులో ప్రభుత్వం, సరస్సును ఆక్రమించారని, కొల్లేటి చెరువుల గట్లు పేల్చింది. మట్టి తాటిచెట్టంత ఎత్తు లేచి పడింది. చేపలు బురదలో కొట్టుకుని కొట్టుకుని చచ్చాయి. మెరకమీది చెరువులు కొన్ని మిగిలాయి. చెరువు పోయినవాళ్లలో కొందరు మిగిలినవాళ్ల చెరువుల్లో వలలు వేశారు. కాపలావాళ్ల చేతికి కర్రలొచ్చాయి, దొంగల చేతికి కత్తులొచ్చాయి. ఇద్దరికీ అన్నం పెట్టింది ఆ నీళ్లే గదా, ప్రభువు వీళ్లలో ఎవరి పక్కన నిలబడతాడు అని సత్యానందం ప్రార్థనలో అడిగేవాడు.

ఆ రోజుల్లోనే, క్యాసెట్ల కొట్టువాడు చెప్పగా, బ్యాండు ముగ్గురూ ఆయన పాక వెతుక్కుంటూ వచ్చారు.

"కొత్త పాటలకి కీబోర్డు చాలట్లేదు బాబాయ్‌గారండీ. ఈ గట్లమీద కొట్టే డబ్బా మోత కావాలి" అన్నాడు నిరంజన్.

సత్యానందం గుండె పొంగిపోయింది. ఖాళీ నూనెడబ్బా తెచ్చి చూపించాడు. పిట్టలను తోలడానికి ఇలా, తెరిపి తెరిపిగా రెండు. దొంగలు పడితే ఇలా, గుక్కతిప్పుకోకుండా మూడు, ఆపి ఒకటి, మళ్లీ మూడు. అది వినపడితే చుట్టుపక్కల చెరువుల కాపలావాళ్లంతా ఎక్కడి పని అక్కడ వదిలి కర్రలతో పరుగెత్తుకు రావాలి. అది కట్టుబాటు. రానివాడితో మర్నాడు ఎవరూ మాట్లాడరు.

బాబీ కళ్లు మెరిశాయి. "ఇదండీ! దీనిమీద కుర్చీలో మనిషి కూర్చోలేడండీ!"

సీడీ వచ్చింది. అట్టమీద చివర 'డబ్బా మోత నేర్పినవారు సత్యానందం గారు' అని అచ్చేశారు. ఆయన ఆ అట్టను బైబిల్లో పెట్టుకున్నాడు. అందులో ఒక పాట, 'నీళ్లకు గట్టేసినోడా, నెత్తురుకు గట్టేస్తావా' అన్నది, మొదటినుంచి చివరిదాకా ఆ దొంగల మోతమీదే నడిచింది.

ఊరి బడి ఆవరణలో ఆ పాటలు పాడటానికి వాళ్లు వచ్చింది ఒక ఆదివారం సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే. చెరువు గట్టు అక్కడికి అర కిలోమీటరు. అంతకుముందు శుక్రవారమే దొంగలు కాపలావాళ్ల పెద్ద అబ్బులు తమ్ముణ్ణి కడుపులో పొడిచారు.

సత్యానందం స్టేజీ వెనక్కి వెళ్లాడు. "బాబూ, ఆ పాట ఇక్కడొద్దండి. గట్టుమీద కాపలావాళ్లకి వినపడుద్ది."

"జనం దానికోసమే వచ్చారు బాబాయ్‌గారండీ. పోనీ మీరెళ్లి గట్టుమీది వాళ్లకి చెప్పి రండి, ఆఖర్న పాడతాం."

వెళ్లి రావడానికి అరగంట. బయల్దేరాడు కూడా. ఇంతలో మైకులో పెర్సిస్ గొంతు: "మాకీ మోత నేర్పిన సత్యానందం గారు ముందు కుర్చీలోకి రావాలండీ." ఊరంతా చప్పట్లు కొట్టింది. సత్యానందం అటూ ఇటూ చూశాడు. వెళితే ఈలోగా పాట అయిపోతుందేమో. పాటనీ మోతనీ వేరు చేసుకోలేరా కాపలావాళ్లు అనుకున్నాడు. కూర్చున్నాడు.

ఆఖరి పాటకు బాబీ డబ్బా ఎత్తుకున్నాడు. మూడు, ఒకటి, మూడు. జనం లేచి గంతులేశారు.

రెండో చరణం పూర్తి కాలేదు. ఇరవైమంది కాపలావాళ్లు బడి గోడ దూకి పడ్డారు. ముందు అబ్బులు. కర్రలు చూసి జనం పరుగెత్తారు. పరుగెత్తిన ప్రతివాడూ వాళ్లకు దొంగలాగే కనిపించాడు. ఒక ముసలాయన నెత్తి పగిలి పంచె ఎర్రబడింది. ఎవరో కింద పడితే ముగ్గురు తొక్కుకుంటూ పోయారు. నిరంజన్ గిటారు అడ్డం పెడితే గిటారూ, దాని వెనక ముక్కూ ఒకే దెబ్బకు విరిగాయి. బాబీ డబ్బా వదల్లేదు. భయానికి చేయి ఆగక అదే మోత ఇంకా గట్టిగా కొడుతున్నాడు.

"మోత అక్కడేరా!" అని అబ్బులు స్టేజీ ఎక్కాడు. కర్ర బాబీ కుడి మణికట్టు మీద పడింది. మళ్లీ పడింది. ఎముక విరిగిన చప్పుడు మైకులో ఊరంతటికీ వినిపించింది.

సత్యానందం మధ్యలోకి దూకాడు. మూడో దెబ్బ ఆయన భుజం మీద దిగింది. దొర్లుతున్న డబ్బా పట్టుకుని, విరిగిన డ్రమ్ము కర్రతో నింపాదిగా కొట్టాడు. ఒకటి. ఊపిరి పీల్చి వదిలినంత ఆగి, ఒకటి. మళ్లీ ఆగి, ఒకటి.

దొంగలు లేరు, ఆగమనే ఆ దెబ్బకు కర్రలు ఎత్తినవి ఎత్తినట్టే ఆగిపోయాయి.

"దొంగలేర్రా?" అన్నాడు అబ్బులు రొప్పుతూ.

"లేరు బావా. అది పాట."

అబ్బులు బాబీ చేతి వంక చూశాడు. "పాటేంట్రా..." అంటూ అక్కడే కూలబడ్డాడు.

నాలుగో రోజు సత్యానందం ఏలూరు ఆసుపత్రికి వెళ్లాడు. బాబీ కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు. వేళ్లు ఇక తిరగవన్నారట. క్షమించమని అడగడానికి దారంతా మాటలు పోగేసుకున్నాడు.

బాబీయే ముందు అడిగాడు. "ఆపే దెబ్బ కూడా ఉందిగదండీ. మాకెందుకు నేర్పలేదు?"

"మీరు అడగలేదు బాబూ" అనబోయి సత్యానందం ఆగిపోయాడు. అది నిజమే గాని జవాబు కాదు. "అందులో పాటేం లేదనుకున్నానండి" అన్నాడు చివరికి.

బాబీ ఎడంచెయ్యి దుప్పట్లోంచి తీసి మంచం ఇనపకమ్మీ మీద పెట్టాడు.

"కొట్టండి. ఎంతసేపు ఆగాలో చూస్తాను."

సత్యానందం స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒకటి కొట్టి ఆగాడు.