చూడకుండా పెట్టిన సంతకం

మా వదినకు ఫార్మసీ కౌన్సిల్ నుంచి నోటీసు వచ్చిందని తెలియగానే నాకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? తప్పు జరిగిన మాట నిజమే. అందులో వదిన చెయ్యి ఉన్న మాటా నిజమే. కానీ ఆ చేతి పక్కన ఉండాల్సిన ఇంకో చెయ్యి సంగతి నోటీసులో మచ్చుకైనా లేదు. మీ పేరును రిజిస్టర్ నుంచి ఎందుకు తొలగించకూడదో వచ్చి చెప్పుకోండి అని మాత్రం రాశారు. పేరు తీసేస్తే ఇక ఏ మందుల షాపులోనూ, ఏ ఆసుపత్రిలోనూ వదిన మందు డబ్బా ముట్టుకోవడానికి వీల్లేదు. ఆమెకు వచ్చిన పని అదొక్కటే, ఇష్టమైన పనీ అదే.

వదిన అంటే మా అన్నయ్య భార్య. ఇద్దరం ఆసుపత్రి మందుల కౌంటర్‌లో పనిచేస్తాం. నన్ను అక్కడ చేర్పించింది కూడా ఆవిడే. డాక్టర్ రాసిన చీటీ చూసి అల్మారాలోంచి మందు తీస్తాం, కవర్‌లో వేస్తాం, లేబుల్ అంటిస్తాం. దాన్ని ఫార్మసిస్టు విప్పి, చీటీతో సరిచూసి, లేబుల్ మూలన పొట్టి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాకే కవర్ కిటికీ దాటాలి. మేము చేరక ముందు నుంచీ ఉన్న రూలు ఇది.

అప్పట్లో మమ్మల్ని హెల్పర్లు అనేవాళ్లు. ఆ తర్వాత ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. మాలాంటి సహాయకులందరూ శిక్షణ తీసుకుని, పరీక్ష రాసి, కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకోవాలంది. అబద్ధమెందుకు, మేము సంబరపడ్డాం. వదిన వంట చేస్తూ కూడా పాఠాలు వల్లెవేసేది. మా అన్నయ్య ఊరుకునే రకమా!

"ఇంట్లో ఇద్దరు రిజిస్టర్డ్ మనుషులు. ఇక నాకు తలనొప్పి వచ్చినా చీటీ చూపించాలి కాబోలు" అన్నాడు.

"మీ తలనొప్పికి మందక్కర్లేదు. కాసేపు మాట్లాడకుండా ఉంటే మాకూ తగ్గుతుంది, మీకూ తగ్గుతుంది" అంది వదిన.

ఇద్దరం పాసయ్యాం. సర్టిఫికెట్లు ఇచ్చిన రోజు మా చీఫ్ ఫార్మసిస్టు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఎప్పుడు చూసినా పైఅంతస్తు మీటింగుల్లో ఉంటాడు గనక మేమాయనకు బిజీ సార్ అని పేరు పెట్టుకున్నాం. "ఇప్పటినుంచి మీరు కూడా బాధ్యత గలవాళ్లు" అన్నాడాయన. మేము చప్పట్లు కొట్టాం. ఎవరి బాధ్యత సార్ అని అప్పుడే అడిగి ఉండాల్సింది.

ఎందుకంటే బిజీ సార్ పని చేసే తీరు ఇలా ఉంటుంది. పొద్దున్నే వస్తాడు. టీ తెప్పించుకుంటాడు. అచ్చు పడని ఖాళీ లేబుళ్ల చుట్టను ఒళ్లో పెట్టుకుని, ఒక్కో లేబుల్ మూలన తన పొట్టి సంతకం గీస్తూ పోతాడు. టీ అయ్యేసరికి ఆ పూటకు సరిపడా సంతకాలు అయిపోతాయి. చుట్టను ప్రింటర్‌లో ఎక్కించి పైకి వెళ్లిపోతాడు. తర్వాత మేము మీట నొక్కితే రోగి పేరు, మందు పేరు, టైము అచ్చయి, పక్కన సార్ సంతకంతో సహా లేబుల్ బయటికి వస్తుంది. ఏ మందుకు, ఎవరికి సంతకం పెట్టాడో ఆయనకే తెలీదు. దేవుడి దయవల్ల అన్నీ సవ్యంగా జరిగిపోతుంటే ఎవరికి పట్టింది?

వదినకు పట్టింది. మొదట్లోనే అడిగింది. "సార్, చూడకుండా ఎలా సార్?"

"మీ మీద నమ్మకం లేకపోతే పెడతానా అమ్మా?" అన్నాడు ఆయన నవ్వుతూ. నమ్మకం అన్నాక ఇంకేం మాట్లాడతాం! సంతకం లేనిదే కవర్ కదలదు, సంతకం పెట్టే మనిషి దొరకడు, క్యూ చూస్తే గుమ్మం దాటి ఉంటుంది. అంటించాం. అందరం అంటించాం.

సరే, తప్పు సంగతి. రక్తపోటు మాత్రలు చేసే కంపెనీ డబ్బాలు మార్చింది. తక్కువ మోతాదు, ఎక్కువ మోతాదు రెండూ కవల పిల్లల్లా తయారయ్యాయి. సోమవారం, ఊపిరాడని రద్దీ. వదిన పొరపాటున ఎక్కువ మోతాదు తీసింది. సార్ సంతకం ఉన్న లేబుల్ అంటించింది. ఆ మందు వేసుకున్న ముసలాయన కళ్లు తిరిగి పడిపోయాడు. నుదుటి మీద కుట్లు పడ్డాయి. ఇంకాస్త గట్టిగా తగిలి ఉంటే ఏమయ్యేదో!

ఎవరూ అడక్కముందే వదిన వెళ్లి తప్పు ఒప్పుకుంది. వార్డుకు వెళ్లి ఆయన ముందు నిలబడి ఏడ్చింది. "పోనీలే అమ్మా, బతికే ఉన్నాగా" అన్నాడట ఆ పెద్దమనిషి. ఆయన ఊరుకున్నా ఆసుపత్రి ఊరుకోలేదు. బిజీ సార్ నివేదిక రాసి కౌన్సిల్‌కు పంపాడు. రిజిస్టర్డ్ సహాయకురాలి నిర్లక్ష్యం అట. ఆ మాట రాయడానికి ఆయనకు చెయ్యి ఎలా వచ్చిందో!

విచారణకు ముందు రోజు అన్నయ్య బతిమాలాడు. "కాళ్లా వేళ్లా పడు. పెద్దవాళ్లతో మనకెందుకు?"

"నా తప్పుకు కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. తియ్యడం నా వంతు, చూడడం ఆయన వంతు. నా వంతు నేను ఒప్పుకున్నాను. ఆయన వంతు ఆయన ఒక్కసారి ఒప్పుకోమనండి, చాలు" అంది వదిన. అంత నిమ్మళంగా ఎలా మాట్లాడుతుందో నాకర్థం కాదు. నాకైతే పళ్లు పటపటమన్నాయి.

విచారణ ఆసుపత్రి పైఅంతస్తులో, బిజీ సార్ మీటింగులు జరిగే గదిలోనే పెట్టారు. బల్లకు అటువైపు కౌన్సిల్ పంపిన కమిటీవాళ్లు ముగ్గురు. ముగ్గురూ ఫార్మసిస్టులే. సహాయకుల రిజిస్టర్ గురించి తేల్చే చోట సహాయకుల తరఫున ఒక్క మనిషి లేడు. వదిన పక్కన తోడుగా నన్ను కూర్చోనిచ్చారు గానీ నోరు విప్పకూడదన్నారు. నన్ను! వదిన బల్ల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఓదార్పు కోసం అనుకున్నాను. నన్ను ఆపడానికట.

ఛైర్మన్ భారీ మనిషి. మాటిమాటికీ ఛాతీ రుద్దుకుంటున్నాడు. వదిన చెప్పాల్సిందంతా చెప్పింది. మందు నేనే తీశాను, డబ్బా సరిగ్గా చూసుకోలేదు, దానికి ఏ శిక్షయినా వేయండి అంది. లేబుళ్ల మీద సార్ ముందే సంతకాలు పెడతారని కూడా చెప్పింది.

మాకు కాస్త ఎడంగా కూర్చున్న బిజీ సార్ ముఖం ఎంతో బాధగా పెట్టాడు. "ప్రతి కవరూ నేను స్వయంగా చూసే సంతకం పెడతాను. ఆ రోజు నేను చూసినప్పుడు సరైన మందే ఉంది. తర్వాత ఆమె ఏం మార్చిందో నాకు తెలియదు" అన్నాడు.

వదిన చెయ్యి నా చేతిలో బిగుసుకుపోయింది. ఆవిడ దొంగ కాదు, అబద్ధాలకోరు కాదు. మందు మార్చిందట! నేను లేవబోయాను. "కూర్చో" అంది వదిన పళ్ల బిగువున.

ఇంతలో ఛైర్మన్‌కు కడుపులో మంట ఎక్కువైంది. ప్యూన్‌ను పిలిచి, ఒక కాగితం మీద ఏదో గీకి, కింద మందుల కౌంటర్‌కు పంపాడు. విచారణ ఆగలేదు. బిజీ సార్ తన పద్ధతుల గురించి వివరిస్తూనే ఉన్నాడు. రెండుసార్లు సరిచూసుకోవడం అట, మూడు దశల భద్రత అట. కాసేపటికి ప్యూన్ కవర్ పట్టుకొచ్చాడు. ఛైర్మన్ చించి, మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, కవర్ బల్ల మీద పెట్టాడు. దాని మీదున్న లేబుల్ నాకు ఎదురుగా కనపడింది.

ఇక నా వల్ల కాలేదు. వదిన చెయ్యి విదిలించుకుని లేచాను.

"అయ్యా, మీరు మింగిన మందును చూసి పంపింది ఎవరు?"

"మీరు మాట్లాడకూడదని చెప్పాం" అంది బల్ల చివరనున్నావిడ.

"మాట్లాడను. చదవండి చాలు. టైము ఇప్పటిది. పక్కన సంతకం ఈ సార్‌ది. ఈయన పొద్దుట్నుంచీ మీ ఎదురుగా ఆ కుర్చీలోంచి లేవలేదు. ఇక్కడ కూర్చుని కింద సంతకం ఎలా పెట్టారో అడగండి!"

ఛైర్మన్ కవర్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. తర్వాత బిజీ సార్‌ను చూశాడు. తర్వాత పాపం, తన పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు. బిజీ సార్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గెలిచేశాం అనుకున్నాను. పిచ్చిదాన్ని!

భోజనాలయ్యాక తీర్పు చెప్పారు. ఫార్మసిస్టుల సంగతి చూసేది వేరే విభాగమట, కావాలంటే అక్కడ ఫిర్యాదు ఇచ్చుకోవాలట. ఈ కమిటీ పరిధి సహాయకుల వరకేనట. మందు మార్చినట్టు ఆధారం లేదు గనక ఆ ఆరోపణ వదిలేశారట. అయితే ముందే సంతకం ఉన్న లేబుల్ అని తెలిసి తెలిసీ అంటించడం సహాయకురాలి నేరమట. ఆ సంగతి ఆమె తన నోటితోనే ఒప్పుకుందట, తోడుగా వచ్చినావిడ రుజువు కూడా చేసిందట. అందుకని వదిన రిజిస్ట్రేషన్ ఏడాది పాటు ఆపేశారు. బిజీ సార్‌కు? ఇకమీదట జాగ్రత్తగా ఉండమని సలహా.

గీసినవాడికి సలహా, అంటించినదానికి శిక్ష! మెట్లు దిగుతుంటే వదిన చెయ్యి పట్టుకుని ఆపాను. "నా నోరు పడిపోను. నా వల్లే వదినా" అన్నాను.

"నీ నోరు పడిపోతే మా ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది గానీ, నువ్వన్నది నిజమే కదా. ఆ అబద్ధం అలా గాల్లో ఉండిపోతే నాకు నిద్ర పట్టేది కాదు" అంది. అని, మెట్ల మీదే కూర్చుండిపోయి కొంగుతో ముఖం కప్పుకుంది.

మర్నాడు బిజీ సార్ ఏం చేశాడనుకుంటున్నారు? టీ తెప్పించుకున్నాడు. ఖాళీ లేబుళ్ల చుట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. సిగ్గుండాలి మనిషికి! నేను అంటించనని మొండికేశాను. "సరే, క్యూకు నువ్వే సమాధానం చెప్పు" అని పైకి వెళ్లిపోయాడు. క్యూలో జ్వరంతో మూలుగుతున్న పిల్లలు, నిలబడలేని ముసలివాళ్లు. ఎంతసేపని మొండికేస్తాను? సార్ రాడు, కవర్ కదలదు, వాళ్లు నన్నే తిడతారు. చివరికి నేనూ అంటించాను. అంటించిన ప్రతిసారీ నా చేతి మీద నాకే అసహ్యం వేసింది.

ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర తలెత్తి చూద్దును కదా, ఎదురుగా వదిన. అందరితో పాటు క్యూలో నిలబడి వచ్చింది. అన్నయ్యకు గొంతు నొప్పి, జ్వరం. డాక్టర్ రాసిన చీటీ ఇచ్చింది. నేను మందు తీసి, కవర్‌లో వేసి, లేబుల్ అంటించి ఇచ్చాను. వదిన అందుకోలేదు.

"ఇది ఎవరు చూశారు?" అని అడిగింది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "వదినా, సార్ పైన..."

"సార్‌ను పిలవండి" అంది. మీరు అంది నన్ను! గొంతు కాస్త పెంచింది. "సంతకం ఇక్కడుంది, మనిషి కనపడడం లేదు. ఆయన వచ్చి, నా ముందు విప్పి చూసి, అప్పుడు ఇమ్మనండి. అంతవరకు నేను ఇక్కడే ఉంటాను."

పైకి ఫోన్ చేశాను. ఒకసారి కాదు, వచ్చేదాకా చేస్తూనే ఉన్నాను. బిజీ సార్ విసుక్కుంటూ దిగి వచ్చి, వదినను చూసి ఆగిపోయాడు.

"నువ్వా? ఇక్కడి పద్ధతి నీకు తెలియదా అమ్మా? జనం ఆగిపోయారు, పక్కకు జరుగు."

"తెలుసు సార్. తెలిసి ఊరుకున్నందుకే కదా నా రిజిస్ట్రేషన్ ఆపారు. ఇప్పుడు నేను మీ దగ్గర పనిచేసే మనిషిని కాను. మందు కోసం వచ్చిన మనిషిని. మా ఆయన మింగాల్సిన మందు. విప్పి చూడండి."

వదిన వెనకున్న ముసలమ్మ తన చేతిలో చీటీ వైపు, కౌంటర్ మీదున్న కవర్ వైపు మార్చి మార్చి చూసింది. "ఏంటమ్మా, చూడకుండానే ఇస్తున్నారా?" అంది. ఆ మాట క్యూ వెంబడి గుమ్మం దాకా పాకింది. అప్పటికే మందులు తీసుకుని బెంచీ మీద కూర్చున్న ఒకాయన లేచి వచ్చి తన కవర్ కిటికీలోంచి లోపలికి తోశాడు. "నాది కూడా చూడండి" అన్నాడు. ఆ వెనకే ఇంకొకరు, ఇంకొకరు.

బిజీ సార్ వదిన కవర్ విప్పాడు. మాత్రల అట్టను దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. జేబులు తడుముకున్నాడు. కళ్లజోడు పైన మీటింగ్ గదిలో ఉండిపోయిందట.

"వెళ్లి తెచ్చుకోండి సార్. మేము ఎక్కడికీ పోం" అంది వదిన.