తాడు అవతలి వంటగది

ముందు ఎడమచెయ్యి, తర్వాత కుడిచెయ్యి. పక్షవాతం వచ్చినవాళ్ళకు స్వెటర్ వేసేటప్పుడు చచ్చుబడిన వైపు మొదట తొడగాలి. గ్రేసమ్మ ఆలోచించకుండానే ఆ పని చేస్తోంది. బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో ఆయాగా ఉన్నన్నాళ్ళూ, కూతురి వెంట ఈ పరాయి దేశం వచ్చి, టకానిని ఊళ్ళో ముసలివాళ్ళుండే ఈ రెస్ట్‌హోమ్‌లో పనికి చేరాకా ఆమె చేతులకు తెలిసింది ఇదే: ఒకళ్ళని లేపడం, కడగడం, కూర్చోబెట్టడం. పొట్టి మనిషి. సబ్బునీళ్ళకు నాని పగిలిన వెడల్పాటి అరచేతులు.

“లేమ్మా, బండొచ్చింది,” అంది తెలుగులోనే.

తొంభై దాటిన ఐరిస్‌కు ఆ మాట అర్థమవుతుంది. గ్రేసమ్మ దగ్గర ఆమె నేర్చిన తెలుగు మూడు మాటలు: లేమ్మా, నీళ్ళు, అయ్యో.

గుమ్మంలో నర్సు సందేహించింది. “మొన్నటిదాకా దగ్గు, ఐరిస్. ఈసారికి మానేస్తే?”

“మానను,” అంది ఐరిస్. చలికాలమంతా ఆమె ఈ ప్రయాణం కోసమే అడుగుతూ వచ్చింది.

వ్యాను వెళ్ళింది పాత ఊరి పార్కుకు. తెల్లవాళ్ళు ఈ దేశానికి వచ్చిన కొత్తలో కట్టుకున్న ఇళ్ళను, కూల్చేసేలోగా లారీల మీద తెచ్చి, బాగుచేసి అక్కడ నిలబెట్టారు. చెక్క చర్చి, ఒంటిగది బడి, కమ్మరి కొలిమి. చూడవచ్చినవాళ్ళు గుమ్మాలకు కట్టిన తాడు ఇవతల నిలబడి, లోపలికి తొంగిచూసి పోతారు.

“ఆంటీ, మేం టీ రూమ్‌లో ఉంటాం. వాన పట్టేట్టుంది, లేట్ చెయ్యకండి,” అన్నాడు డ్రైవర్ విన్సెంట్. అతనిది గుంటూరు. మిగతా ముసలివాళ్ళను నడిపించుకుపోయాడు.

ఐరిస్ చర్చి వంక చూడలేదు. చివర ఉన్న రెండు గదుల చెక్క ఇంటివైపు వేలు చూపింది. గ్రేసమ్మ చక్రాల కుర్చీ మెట్ల దగ్గర ఆపి, ఆమె నడుం పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కించింది.

పాతకాలపు టోపీ, ఏప్రాన్ వేసుకున్న వాలంటీరు ఎదురొచ్చింది. “సారీ, తాడు దాటకూడదండీ.”

“ఆ లోపలి గదిలో పుట్టాను నేను,” అంది ఐరిస్. “రోడ్డు వెడల్పు చేస్తూ మా ఇంటిని రెండు ముక్కలుగా కోసి ఇక్కడికి తెచ్చారు. టిక్కెట్టు కొనుక్కుని చాలాసార్లు వచ్చాను. ఎప్పుడూ ఈ గుమ్మం దాకానే.”

వాలంటీరు తబ్బిబ్బయింది. “మేనేజర్ని అడిగొస్తాను,” అని గబగబా వెళ్ళింది.

గ్రేసమ్మ పని చేసిన ఏ చోటా మాట పడలేదు. తల్లి పోయిన రోజున ఆమె డ్యూటీలో ఉండి, ఎవరి తల్లికో మందు తాగిస్తోంది. మేట్రన్ సెలవు లేదంది. ఈమె రెండోసారి అడగలేదు. ఆ తర్వాత ఎందరి మంచాల పక్కనో కూర్చుంది కానీ, ఆ ఒక్క మంచం పక్కన కూర్చోలేకపోయింది.

ఐరిస్ తాడు మీద చెయ్యి వేసి లోపలికే చూస్తోంది. గ్రేసమ్మ తాడు కొక్కెం తీసేసింది.

నల్లటి ఇనుప పొయ్యి, తోమిన బల్ల, కిటికీ పక్కన ఒక కుర్చీ. ఐరిస్ అందులో కూర్చుని చాలాసేపు బయటికి చూసింది. “అమ్మ నన్ను ఇక్కడే కూర్చోబెట్టి జడ వేసేది.”

గ్రేసమ్మ ఆమె ముడిలోంచి పిన్నులు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. పల్చటి తెల్లజుట్టును వేళ్ళతోనే చిక్కుతీసి మూడు పాయలు చేసింది.

“మీ అమ్మ వేసేదా నీకు?” అని అడిగింది ఐరిస్.

“కొబ్బరినూనె పెట్టి, ఏడ్చేదాకా లాగి వేసేదమ్మా.”

“అయ్యో,” అని నవ్వింది ఐరిస్. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది.

జడ సగానికి వచ్చేసరికి ఆ తల గ్రేసమ్మ అరచేతిలోకి ఒరిగింది. ఆ బరువు ఆమెకు తెలుసు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, మెడ దగ్గర చూసింది. తన గుండె ఆగితే మళ్ళీ కొట్టించవద్దని ఐరిస్ డాక్టరుకు ఏనాడో చెప్పేసింది. గ్రేసమ్మ కేక వేయలేదు. తల తన పొట్టకు ఆనించుకుని మిగతా జడ అల్లసాగింది. ఆమె కన్నీళ్ళు ఆ పాపిట్లోనే పడ్డాయి.

“సరేనన్నారు! కాసేపు కూర్చోవచ్చట,” అంటూ వాలంటీరు వగరుస్తూ వచ్చి, గుమ్మంలో ఆగిపోయింది. కాసేపటికి తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

అంబులెన్సు వచ్చి వెళ్ళింది. తిరుగుదారిలో చినుకులు మొదలయ్యాయి. ముందు సీట్లో గ్రేసమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“వెంటనే పిలవొచ్చు కదా, ఆంటీ?” అన్నాడు విన్సెంట్ మెల్లగా.

“సగం జడతో ఎట్టా పంపిస్తాం, విన్సెంటూ?”

అతను వైపర్లు వేశాడు. “తాడెందుకు తీశారని రేపు ఆఫీసులో అడుగుతారు. ఏం చెప్తారు?”

“తీశానని చెప్తా.”

పార్కు మూసేవేళకు వాలంటీరు ఆ ఇంటి తలుపులు వేయడానికి వచ్చింది. నేల తుడిచింది, కుర్చీ సర్దింది, తాడు మళ్ళీ తగిలించింది. కిటికీ గట్టు మీదికి చెయ్యి చాచి, ఏమనుకుందో వెనక్కి తీసుకుంది. వానవెలుగులో నల్లటి పిన్నులు అక్కడే ఉన్నాయి, ఒకదానికి ఇంకా చుట్టుకుని ఉన్న తెల్లని వెంట్రుకతో.