ఒడ్డు మీది పడవ

పడవను నీళ్లలోకి నెట్టమన్నాడు ఇన్సూరెన్సు ఏజెంటు మధుబాబు. ఫోటో తీయాలట.

మిట్టమధ్యాహ్నం. పొద్దున్నుంచి మల్లవ్వ గొంతులో గుక్కెడు నీళ్లు దిగలేదు. రెండుగా చీలిన ఫైబర్ పడవ చెరువు గట్టు మీద బోర్లా పడి ఉంది. నడుమ లారీ టైరు అచ్చు పడింది. దాని పక్కనే ఆమె మొగుడు చిన్నరాములు నిలబడ్డాడు.

"నీళ్లల్లకెందుకు సారూ? గది ఒడ్డు మీదనే పగిలింది గద," అంది మల్లవ్వ.

"అదేనమ్మా వచ్చిన చిక్కు," అన్నాడు మధుబాబు. కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డవాళ్ల అబ్బాయి. మాట మాత్రం బెల్లం పాకం. "మీ పాలసీ పడవ నీళ్ల మీద ఉన్నప్పటికే. మునిగినా, గాలివానకి కొట్టుకుపోయినా డబ్బులొస్తాయి. ఒడ్డునుంటే పైసా రాదు. దానికి ఇంకో ఆరొందలు కట్టాల్సింది."

"కట్టేటప్పుడు చెప్పకపోతివి?"

"మీరడగలేదు కదమ్మా."

అడగలేదట! రుద్రారం రోడ్డు మీద చేపలమ్మి ఏటా పద్దెనిమిది వందలు కడితే, 'పడవకేమైనా మేం చూసుకుంటాం' అని పళ్లికిలించి తీసుకున్న మనిషిని ఇంకేమడగాలి? ఈ చెరువులో చేపపిల్లను వదిలాక అది జానెడు ఎదిగేదాకా ఎవరూ పడవ దింపరు. గట్టు మీద బోర్లించి, పసుపు రాసి, దండం పెట్టి ఇంటికి పోతారు. తాతలనాటి కట్టడి. అన్ని నెలలు ఒడ్డునే ఉండే పడవకు నీళ్ల మీద మాత్రమే పనికొచ్చే పాలసీ అంటగట్టాడు మహానుభావుడు. డబ్బు తీసుకోవడానికి దొరికిన తీరిక, ఆ ఒక్క ముక్క చెప్పడానికి దొరకలేదు.

తెల్లవారుజామున బర్రెను తోలుకొచ్చిన మల్లవ్వ కళ్లారా చూసింది. మందుల ఫ్యాక్టరీ ట్యాంకరు చెరువులోకి పైపుతో విషపు నీళ్లు వదిలింది. ఆమె కేకలకు జడిసి వెనక్కి ఉరికి, పడవ మీదుగా ఎక్కి పోయింది. ఇప్పుడు వేలి పొడవు లేని చేపపిల్లలు గట్టు పొడుగునా తెల్లగా తేలుతున్నాయి. కంపు భరించలేక మధుబాబు ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు.

"ట్యాంకర్ తొక్కిందని రాయి సారూ. దానికి ఇన్సూరెన్సు లేదా?"

మధుబాబు ఫోన్ వైపు చూశాడు. "ఉందనుకోండి."

"ఎవలు చేసిన్రు?"

"నేనే చేశాను. వాళ్ల బళ్లన్నీ నా దగ్గరేనమ్మా. వాళ్లతో పెట్టుకుంటే కేసూ, కోర్టూ, ఏళ్లు పడుతుంది. గాలివానకి మునిగిందని ఫోటో పెడితే నెల తిరక్కుండా నలభై వేలు. మీ మంచికే చెబుతున్నా."

ఎంత మంచి! వడ్డించేవాడే ఎంగిలి విస్తరి మన ముందుకు తోసి, తిను నాయనా అన్నట్టుంది.

చిన్నరాములు వంగి పడవ అంచు పట్టుకున్నాడు. "ఊకోయే. పైసలొస్తయంటుండు గద. పడవ లేకుంటే ఏం దింటం?"

"పైసలొస్తయి. మరి రేపు చేపల సంఘపోళ్లు ఏమంటరు? పిల్ల వదిలినంక మల్లవ్వ పడవ దింపింది, గందుకే పిల్లంత సచ్చిందంటరు. తప్పు మనదేనని మనమే రాసిచ్చినట్లయితది. ఆ ట్యాంకరోడు రేపు మల్లొస్తడు."

"ఎవలేమన్నా కడుపు నిండుతదా?" చిన్నరాములు పడవను నీళ్ల వైపు లాగాడు. పడవ గరగరమంటూ జానెడు జరిగింది.

మల్లవ్వ ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్లుగా చేపల గంప మోసిన మనిషి, ఒక్క అంగలో వచ్చి ఆ పగిలిన పడవ మీద, సరిగ్గా టైరు అచ్చు పక్కన, కాళ్లు బారజాపుకుని కూర్చుంది.

"లేవమ్మా, టైమవుతోంది," అన్నాడు మధుబాబు ఫోన్ పైకెత్తి.

"లేవ. తియ్యి ఫోటో. ఒడ్డు మీద తియ్యి. టైరు అచ్చు పడాలె, నేను సుత పడాలె. ట్యాంకర్ నంబర్ నాకు తెల్వదనుకుంటున్నవా? నోటికొచ్చు నాకు."

మధుబాబు ఫోన్ దించాడు.

చిన్నరాములు పడవ అంచు పట్టుకునే ఉన్నాడు. లాగనూ లేదు, వదలనూ లేదు.